తొలి ఫుట్‌బాలు సంఘములు

విజయవాడ నగరమునందు బెంజ్ సర్కిల్ అను కూడలి కలదు. అచ్చట రెండు జాతీయ రహదారులు ఒకదానినొకటి దాటుచున్నవి. ఒకటి చెన్నై నగరమునకును కోల్‌కతా నగరమునకును నడుమ తూర్పుతీరము వెంబడి సాగుచున్నది. రెండవది మచిలీపట్టణమున మొదలై హైదరాబాదు మీదుగా పుణె నగరమునకు పోవుచున్నది. ఈ కూడలినుండి ఈశాన్యముగా పోయినచో మోహన్ బగాన్ సంఘము పుట్టిన కోల్‌కతా వచ్చును. పడమరగా పోయినచో ఒకప్పుడు నగర పోలీసు జట్టు వెలుగొందిన హైదరాబాదు వచ్చును. భారతదేశపు ఫుట్‌బాలు చరిత్రలో ఈ రెండు నగరములకును మిక్కిలి పేరు కలదు. కాని వీటి సంఘములకు మూలము వెదకవలెనన్నచో ముందుగా సముద్రములు దాటి ఇంగ్లండు దేశమునకు పోవలెను.

బంతిని కాలితో తన్నుట మిగుల ప్రాచీనమైన వినోదము. చీనా దేశమున రెండువేల యేండ్లకు పూర్వమే చుజు అను పేర అట్టి ఆట యుండెను. ఇంగ్లండు పల్లెలలో పండుగ దినములందు ఒక ఊరివారును మరియొక ఊరివారును గుంపులుగా కూడి బంతికై పెనుగులాడెడివారు. అందు ఆటగాండ్రకు లెక్క లేదు. ఆటస్థలమునకు ఎల్ల లేదు. దెబ్బలకు అడ్డు లేదు. ఆట అంత పాతదైనను, ఆటకై యేర్పడిన సంఘము మాత్రము ఇటీవలిది. దాని వయస్సు ఇంచుమించు 170 సంవత్సరములు మాత్రమే. వేల యేండ్లు ఆట సాగినను సంఘము ఏల పుట్టలేదు? పిదప ఏల పుట్టెను?

కృష్ణా డెల్టా పల్లెలలోని ఆటలను తలచుకొన్నచో ఈ సంగతి సులభముగా బోధపడును. వరికోతలు ముగిసి చేలు ఖాళీయైన పిమ్మట పిల్లలు ఆ మళ్లలో చెడుగుడు ఆడుట కలదు. ఒక ఊరి పిల్లలు తమలో తామాడుకొనునప్పుడు తగవు తక్కువ. పొరుగూరి పిల్లలు వచ్చినప్పుడే తగవు మొదలగును. "మా ఊరిలో గీత తాకిన చాలును" అని ఒకడనును. "మా ఊరిలో గీత దాటవలెను" అని మరియొకడు వాదించును. ఇద్దరిలో ఎవడును అబద్ధమాడుట లేదు. ఎవరి ఊరి కట్టు వారిది. ప్రొద్దుగ్రుంకువరకు వాదము సాగునుగాని ఆట సాగదు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఫుట్‌బాలు స్థితి సరిగా ఇట్లే యుండెను.

ఆ దేశమున ఈటన్, హారో, రగ్బీ, వించెస్టర్ మొదలగు పెద్ద పాఠశాలలు కలవు. ప్రతి పాఠశాలయందును ఫుట్‌బాలు ఆడెడివారు. కాని ఒకచోటి నియమము మరియొకచోట లేదు. రగ్బీ పాఠశాలలో బంతిని చేతపట్టి పరుగెత్తవచ్చును. ఇతరచోట్ల కొన్నింట అది తప్పు. కొందరి ఆటలో ఎదిరి మోకాలిక్రింద బూటుకాలితో తన్నుటయు చెల్లెడిది. ఈ విద్యార్థులే పెరిగి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరి కలిసి ఆడబోగా, ఎవరి నియమము చెల్లవలెనో తేలకపోయెను. అంతట 1848వ సంవత్సరమున కొందరు విద్యార్థులు ఒకచోట కూర్చుండి ఉమ్మడి నియమములను వ్రాసికొనిరి. ఐనను అవి విశ్వవిద్యాలయమునకు వెలుపల విశేషముగా వ్యాపింపలేదు.

షెఫీల్డు అను పట్టణము ఉక్కునకును, కత్తులకును ప్రసిద్ధి. అచ్చటి నథానియేల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ అను ఇద్దరు యువకులు క్రికెట్ ఆటగాండ్రు. ఆ దేశమున క్రికెట్ వేసవి ఆట. చలికాలమునందును శరీరమునకు తగిన వ్యాయామము ఉండవలెనని వారు ఫుట్‌బాలును చేపట్టిరి. 1857వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన షెఫీల్డు ఫుట్‌బాల్ క్లబ్ ఏర్పడెను. అది నేటికిని ఆడుచున్నది. ప్రపంచమున నేడున్న ఫుట్‌బాలు సంఘములలో అదియే మొట్టమొదటిదని అంతర్జాతీయ సమాఖ్యయగు ఫిఫా గుర్తించినది.

మరుసటి యేడు ఆ సంఘమువారు తమ నియమములను వ్రాసికొనిరి. చేతులతో నెట్టుటకు వారు అనుమతించిరి. కాని ఎదిరి కాలిపై తన్నుటయు, కాలడ్డము పెట్టి పడద్రోయుటయు ఎట్టి పరిస్థితియందును న్యాయము కాదని స్పష్టముగా వ్రాసిరి. ప్రతి ఆటగాడును ఎఱ్ఱని టోపి ఒకటి, ముదురు నీలపు టోపి ఒకటి తన వెంట తెచ్చుకొనవలెననునది మరియొక నియమము. ఒక పక్షమువారు ఒక రంగు, రెండవ పక్షమువారు రెండవ రంగు ధరింతురు. చూచుటకు ఇది చిన్న నియమము. కాని రెండు టోపీలును ఒక్కని సంచిలోనే యుండుటయందు గొప్ప అర్థము కలదు. నేడు ఎఱ్ఱటోపి పెట్టినవాడు రేపు నీలిటోపి పెట్టును. నేటి ఎదిరి రేపటి తోడివాడు. ఈ భావము మనస్సున నాటినప్పుడే ఆట పోట్లాటనుండి వేరగును.

ఈ మొదటి సంఘమునకు ఒక విచిత్రమైన చిక్కు వచ్చెను. అది మొదటిది గనుక దానితో ఆడుటకు రెండవ సంఘము లేదు! అందుచే సభ్యులు తమలో తామే పక్షములుగా విడిపోయి ఆడుకొనిరి. పెండ్లియైనవారు ఒకవైపు, పెండ్లికానివారు మరియొకవైపు నిలిచి ఆడుటయు కలదు. 1860లో సమీపమున హాలం అను సంఘము పుట్టెను. ఆ యేడు డిసెంబరు 26వ తేదీన ఈ రెండు సంఘములును తలపడెను. రెండు ఫుట్‌బాలు సంఘముల నడుమ జరిగిన మొదటి పోటీగా అది చరిత్రలో నిలిచినది. ఆ ఆట జరిగిన శాండీగేట్ మైదానమున నేటికిని ఆటలు జరుగుచున్నవి.

సంఘములు పెరిగినకొలది ఉమ్మడి నియమముల అవసరము మరింత పెరిగెను. 1863వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన లండన్ నగరమందలి ఫ్రీమేసన్స్ టావర్న్ అను చోట పలు సంఘముల ప్రతినిధులు సమావేశమైరి. ఫుట్‌బాల్ అసోసియేషన్ అను సంస్థ ఆ దినముననే ఏర్పడెను. ఎబెనెజర్ కాబ్ మోర్లీ అను న్యాయవాది దానికి మొదటి కార్యదర్శి. పిదప జరిగిన సమావేశములలో రెండు విషయములపై తీవ్రమైన వాదము జరిగెను. బంతిని చేతపట్టి పరుగెత్తవచ్చునా? ఎదిరి కాలిపై తన్నవచ్చునా? తన్నుట మానినచో ఆటలో పౌరుషము నశించునని బ్లాక్‌హీత్ సంఘమువారు వాదించిరి. ఎక్కువమంది అందుకు సమ్మతింపలేదు. ఉద్యోగములు చేసికొని బ్రతుకువారు కాళ్లు విరుగగొట్టుకొని మరునాడు పనికెట్లు పోగలరని వారి తలంపు. బ్లాక్‌హీత్‌వారు సంస్థను విడిచిపోయిరి. చేతితో బంతిని పట్టెడి ఆటకు 1871లో వేరుగా రగ్బీ యూనియన్ ఏర్పడెను. ఈ విధముగా ఒక ఆట రెండాటలయ్యెను.

షెఫీల్డు సంఘమువారు ఈ క్రొత్త సంస్థలో చేరిరిగాని తమ నియమములను వెంటనే వదలుకొనలేదు. పదునాలుగేండ్లు రెండు విధములైన నియమములును ప్రక్కప్రక్కనే నడిచినవి. 1877లో అవి ఒక్కటియైనవి. నేడు ప్రపంచమంతటను కనబడు కార్నర్ కిక్ షెఫీల్డు నియమములనుండి వచ్చినదే. ఒకరు ఓడి మరియొకరు గెలుచుటచే గాక, ఒకరి మంచిని మరియొకరు స్వీకరించుటచే ఆట నియమములు స్థిరపడినవి.

తొలిదినములలో ఈ సంఘములు తీరిక గలవారివి, చందా చెల్లింపగలవారివి. పనివారికి ఆడుటకు వేళ ఎక్కడిది? 1850లో వచ్చిన కర్మాగారముల చట్టమువలన బట్టల మిల్లులలోని స్త్రీలకును, చిన్నవయస్సు పనివారికిని శనివారమునాడు మధ్యాహ్నము 2 గంటలకే పని ముగియవలెనని ఏర్పడెను. క్రమముగా ఇతరులకును శనివారము అరపూట సెలవు లభించెను. ఆ అరపూటయే ఫుట్‌బాలు చరిత్రను మార్చినది. 1874లో బర్మింగ్‌హామ్ నగరమున ఒక ప్రార్థనామందిరమునకు చెందిన యువకులు ఆస్టన్ విల్లా సంఘమును స్థాపించిరి. 1878లో రైలుపెట్టెల కర్మాగారపు పనివారు న్యూటన్ హీత్ సంఘమును స్థాపించిరి. నేటి మాంచెస్టర్ యునైటెడ్ అదియే. 1886లో లండన్ సమీపమున ఆయుధముల కర్మాగారపు పనివారు పెట్టిన సంఘమే నేటి ఆర్సెనల్. మహాసంస్థలుగా నేడు వెలుగుచున్న ఈ సంఘములన్నియు పనిదినము ముగిసిన పిదప కొందరు స్నేహితులు చేసికొన్న ఒప్పందములనుండి పుట్టినవే.

బ్రిటిషు సైనికులు, నావికులు, వర్తకులు ఈ ఆటను భారతదేశమునకు తెచ్చిరి. 1888లో సిమ్లా సమీపమున డ్యూరాండ్ కప్ పోటీలును, 1891లో బొంబాయి నగరమున రోవర్స్ కప్ పోటీలును మొదలైనవి. తొలుత అవి సైనికదళముల పోటీలు. భారతీయ బాలురు మైదానపు అంచున నిలిచి చూచెడివారు.

అట్లు చూచినవారిలో నగేంద్రప్రసాద్ సర్వాధికారి అను కలకత్తా బాలుడు ఒకడు. 1877లో తల్లితో గంగాస్నానమునకు పోవుచు, దారిలో సైనికుల ఆటను చూచుటకు నిలిచెననియు, తనవైపు దొర్లివచ్చిన బంతిని తిరిగి తన్నెననియు చెప్పుదురు. ఆ తరువాత తన పాఠశాలలో తోటి విద్యార్థులవద్ద చందాలు వసూలుచేసి బంతి కొనెను. తీరా చూడగా అది కోడిగ్రుడ్డు ఆకారముగల రగ్బీ బంతి యట! ఒక ఆంగ్లేయ ఆచార్యుడు సరియైన బంతిని ఇప్పించి ఆట నేర్పెనని చెప్పుదురు.

నగేంద్రప్రసాదు పెరిగి పెద్దవాడై పలు సంఘములను స్థాపించెను. వానిలో వెల్లింగ్టన్ క్లబ్ ఒకటి. మణిదాస్ అను యువకుని అందులో చేర్చుకొనవలెనని ఆతడు తలచెను. మణిదాస్ ఆటలో నేర్పరి. కాని కుమ్మరి కులమున పుట్టినవాడు. పెద్ద కుటుంబములకు చెందిన సభ్యులు కొందరు వాని ప్రవేశమునకు అడ్డుచెప్పిరి. నగేంద్రప్రసాదు ఎదుట అప్పుడు రెండు మార్గములుండెను. మణిదాసును వదలుకొని సంఘమును నిలుపుకొనుట ఒకటి; సంఘమును వదలుకొని న్యాయమును నిలుపుకొనుట రెండవది. ఆతడు రెండవ మార్గమును ఎన్నుకొనెను. తాను పెంచిన సంఘమును తానే రద్దుచేసి, 1880ల దశాబ్దిలో శోభాబజార్ క్లబ్ అను క్రొత్త సంఘమును నెలకొల్పెను. అందు కులభేదమునకు తావులేదు. ఆ సంఘమే 1892లో ట్రేడ్స్ కప్ పోటీలలో ఈస్ట్ సర్రే సైనికదళమును ఓడించినది. తలుపు తెరచిన సంఘమునకు బలము తనంతట తానే వచ్చెను.

1889వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన కలకత్తాలో మోహన్ బగాన్ సంఘము పుట్టెను. 1911వ సంవత్సరము జూలై 29వ తేదీన అది ఐ.ఎఫ్.ఏ. షీల్డు అంత్యపోటీలో ఈస్ట్ యార్క్‌షైర్ సైనికదళమును 2-1 గోళ్లతో గెలిచెను. ఆనాటి పదునొకండుమందిలో ఒక్కరు తప్ప అందరును వట్టికాళ్లతో ఆడినవారే. పాలకులు వ్రాసిన నియమములకు లోబడియే పాలితులు పాలకులను ఓడించిరి. నియమము అందరికి సమానమైనచో బలహీనునకు అది ఎంతటి అండయో ఆ దినమున దేశమంతటికి తెలిసెను.

తెలుగునేలపై ఫుట్‌బాలు కీర్తికి హైదరాబాదు నిలయము. దానికి ప్రక్కనున్న సికింద్రాబాదు చిరకాలము బ్రిటిషు సైన్యపు దండు. ఈ జంటనగరములలో ఎన్నో సంఘములు పుట్టినవి. వానిలో హైదరాబాదు నగర పోలీసు జట్టు తలమానికము. షెఫీల్డు సంఘము చందాలతో నిలిచెను. న్యూటన్ హీత్ కర్మాగారపు నీడన నిలిచెను. ఈ జట్టు పోలీసు శాఖ ఉద్యోగముల ఆధారముతో నిలిచెను. ఆటయందు నేర్పుగల పేదయింటి యువకులకు జీతమును, మైదానమును ఒక్కచోటనే లభించినవి.

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. వృత్తిచే పాఠశాల ఉపాధ్యాయుడు. అందుచే ఆటను సైతము పాఠము వలె బోధించెను. ఎడమకాలు బలహీనమైనవానికి ఆ కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టెను. బంతిని తనవద్దనే అట్టిపెట్టుకొనక వెంటనే తోడివానికి అందింపవలసిన పోటీలు పెట్టెను. ఒక్కని మెరుపుకంటె పదునొకండుమంది పొందిక మిన్న యని ఆయన నమ్మిక. 1950 మొదలు 1963లో మరణించువరకు ఆయన ఈ జట్టునకు శిక్షకుడు. 1950నుండి 1954వరకు వరుసగా 5 యేండ్లు ఆ జట్టు రోవర్స్ కప్పును గెలిచెను. డ్యూరాండ్ కప్పును సైతము 4 సార్లు గెలిచెను. ఒకప్పుడు సైనికదళములకే పరిమితమైన ఆ రెండు పోటీలలో హైదరాబాదు పోలీసులు ఇట్లు విజేతలైరి.

రహీం భారతజట్టునకును శిక్షకుడయ్యెను. ఆయన శిక్షణలో భారతదేశము 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలునకు చేరెను. ఆసియా ఖండమునుండి అంతవరకు చేరిన మొదటి జట్టు అదియే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు సమీపమందలి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం మొదలగు హైదరాబాదువారు ఆ జట్టులోనివారే.

1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరుగునాటికి రహీంను ఊపిరితిత్తుల క్యాన్సరు పట్టి పీడించుచుండెను. అచ్చటి ప్రేక్షకులు భారతజట్టునకు ప్రతికూలురై యుండిరి. ఐనను సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారతజట్టు స్వర్ణపతకమును సాధించెను. తలకు గాయమైన జర్నైల్ సింగ్ ఒక గోలును, పి.కె. బెనర్జీ మరియొక గోలును చేసిరి. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన రహీం పరమపదించెను. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు స్వర్ణపతకము మరల రాలేదు.

విద్యార్థులారా! మీ తరగతిలోను, మీ వీథిలోను ఆటకై జట్లు విడదీయునప్పుడు ఎవరు ముందుగా పిలువబడుదురో, ఎవరు తుదివరకు నిలిచియుందురో గమనింపుడు. బాగుగా ఆడువాడు ముందు పిలువబడుట సహజమే. కాని వాని ఇల్లు ఏది, వాని తండ్రి ఎవరు అనునది చూచి పిలుచుట గాని, మానుట గాని జరిగినచో అది ఆటకు పట్టిన తెగులు. బంతి కొనుటకు కొద్దిపాటి సొమ్ము చాలును. సంఘమును నిలుపుటకు మాత్రము రెండు వస్తువులు కావలెను: అందరికి ఒక్కటిగా చెల్లు నియమము, అర్హుడైన ప్రతివానికి తెరచియుండు తలుపు. మొదటిదానిని షెఫీల్డు యువకులు కాగితముపై వ్రాసి చూపిరి. రెండవదానిని నగేంద్రప్రసాదు తన సంఘమును పోగొట్టుకొని చూపెను. ఈ రెండును కలిసినచోట ఒక బడిపంతులు ఎంతటి జట్టును నిర్మింపగలడో రహీం చూపెను.

అభ్యాసము

1. ఆట ప్రాచీనమైనను, సంఘము ఆలస్యముగా పుట్టుటకు కారణమేమి?
2. షెఫీల్డు సంఘపు టోపీల నియమమునుండి మీరు గ్రహించిన నీతి యెట్టిది?
3. బ్లాక్‌హీత్ సంఘమువారు ఏల విడిపోయిరి? దాని ఫలితమేమి?
4. నగేంద్రప్రసాదు తన సంఘమును రద్దుచేయుట సరియైన పనియేనా? మీ అభిప్రాయమును కారణములతో వ్రాయుడు.
5. మీ పాఠశాలలో ఒక ఆటల సంఘమును స్థాపింపదలచినచో, దానికి ఐదు నియమములను వ్రాయుడు.